ఖర్జు ముందు, ఖుర్రా తర్వాత

మార్చి నెల వచ్చిందంటే మా ఉయ్యూరులో కొన్ని ఇళ్ళల్లో దుఆలు ఎక్కువవుతాయి. అమెరికాలో ఉన్న కొడుకు పేరు హెచ్‌-1బీ లాటరీలో రావాలని. "ఈసారన్నా వస్తే రెండు రోజాలుంటానని మన్నత్ పెట్టుకున్నా బేటా" అన్నారు ఒక ఖాలా. ఆమె కొడుక్కి ఇప్పటికి రెండుసార్లు పేరు రాలేదు. ఇక మిగిలింది ఒక్క ఛాన్సే.

ఖుర్రా మనకు కొత్తేం కాదు. దరఖాస్తులు కోటా దాటితే హజ్ కమిటీ తీసేదీ ఖుర్రాయే. మర్యం అలైహిస్సలాం బాధ్యత ఎవరిదో తేల్చడానికి కలాలు వేసిన సంగతి ఖుర్‌ఆన్‌లోనే ఉంది. హక్కు అందరికీ ఉండి, చోటు కొందరికే ఉన్నప్పుడు ఖుర్రా ఇన్సాఫే. అందుకని లాటరీ పెట్టారని అమెరికా వాళ్ళను తిట్టను. ఇల్లు వాళ్ళది, తలుపూ వాళ్ళదే.

కానీ ఒక ఫరక్ చూడండి. హజ్ ఖుర్రాలో పేరు రాని మనిషి మళ్ళీ ఏడాది దరఖాస్తు పెట్టుకుంటాడు. ఇల్లు ఇల్లుగానే ఉంటుంది. మన పిల్లలకైతే ముందు ఇంటి తాకట్టు, సూదు మీద ఖర్జు, రెండేళ్ళ ఎమ్మెస్. ఆ తర్వాత ఖుర్రా.

ఏటా ఇచ్చేది 65 వేలు, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్ళకు ఇంకో 20 వేలు. 2023 మార్చిలో ఈ కోటాకి వచ్చిన రిజిస్ట్రేషన్లు 7 లక్షల 80 వేలు. ఒకే మనిషి పేరు మీద నాలుగైదు కంపెనీల చేత వేయించిన చలాకీ కూడా అందులో ఉంది. 2024 నుంచి మనిషికి ఒకటే లెక్క చేశారు. ఇప్పుడు ఇంకో మార్పు. 2025 డిసెంబరులో ప్రకటించిన రూలు ప్రకారం జీతాలకు నాలుగు మెట్లు. పైమెట్టు వాడి పేరు మీద నాలుగు చీటీలు, కిందిమెట్టు వాడికి ఒక్కటి. నిన్న చదువు ముగించిన మన కుర్రాడు ఏ మెట్టు మీద ఉంటాడో వేరే చెప్పాలా?

మా తరంలో మా వాడలో ఇంజనీరైన వాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 2007లో వచ్చిన 4 శాతం రిజర్వేషను, ఫీజు రీయింబర్స్‌మెంటు మన పిల్లల్ని కాలేజీ మెట్లెక్కించాయి. సర్కారు పైసలు, అమ్మీల కుట్టుమిషను పైసలు కలిస్తే వచ్చిన ఇల్మ్ అది. దాన్నంతా తీసుకెళ్ళి ఒక్క చీటీ మీద పెడుతున్నాం.

వెళ్ళొద్దని అనను. రిజ్క్ వెతుక్కుంటూ దూరం పోవడం తప్పు కాదు. ఖర్జు కాగితం మీద దస్తఖత్ చేసేముందు మాత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక్క సవాలు వేసుకోండి. పేరు అసలే రాకపోతే, విజయవాడలోనో హైదరాబాదులోనో వచ్చే జీతంతో ఇది తీరుతుందా? తీరుతుందనుకుంటే బిస్మిల్లా. తీరదనుకుంటే ఇంటి దస్తావేజులు బీరువాలోంచి తీయకండి.

ఇంకొక్క మాట. పేరు రాక తిరిగొచ్చిన పిల్లాణ్ణి "ఫెయిలై వచ్చాడు" అంటున్నారు, పెళ్ళి సంబంధాల దగ్గర మరీను. పరీక్షలో ఫెయిలవుతారు గానీ ఖుర్రాలో ఎవరన్నా ఫెయిలవుతారా? హజ్‌కి పేరు రాని పెద్దమనిషిని అలా అంటామా?