వంశవృక్షంలో రాయని జబ్బు

మా అవ్వ ఉన్నప్పుడు దువ్వెనకొచ్చిన వెంట్రుకలను పారేసేవాళ్లు కాదు. వేలికి చుట్టి, చిన్న ఉండ చేసి, వసారా గోడలో ఒక సందులో దూర్చేవాళ్లు. కొన్ని నెలలకొకసారి వెంట్రుకలు కొనేవాళ్లు వీధిలోకి వచ్చేవాళ్లు. ఆ ఉండలన్నీ తీసి ఇస్తే బదులుగా పిన్నులో, సూదులో, చిన్న స్టీలు గిన్నో ఇచ్చి పోయేవాళ్లు. మేము ఐదో తరగతిలో ఉన్న ఏడాది మాత్రం మూత ఉన్న పెద్ద స్టీలు డబ్బా వచ్చింది. పిల్లలం సంబరపడినాం. అవ్వ కూడా సంబరపడింది. అన్ని వెంట్రుకలు ఒక్క తల నుంచే రాలినాయని, ఆ తల మా అమ్మదని ఎవరూ లెక్క చూడలేదు.

అమ్మకు థైరాయిడ్ తక్కువగా పని చేస్తోందని తెలిసింది ఇంకో పదకొండేళ్లకు, 2011లో. ఆ పదకొండేళ్లలో ఏమేమి చూసినామో ఇప్పుడు కూర్చుని గుర్తు చేసుకొంటే సిగ్గుగా ఉంటుంది. జడ సన్నబడింది. వెంట్రుక కొబ్బరిపీచులాగా గరుకైంది. కనుబొమల చివర్లు పోయినాయి. గోళ్లు పొరలు పొరలుగా లేచి చీర దారాలకు తగులుకొనేవి. మా పక్క చలికాలం వస్తే అనపకాయల కాలం. బుట్టెడు కాయలు ఒలిచి, గింజలు నానబెట్టి, పితుకుపప్పు చేయడంలో అమ్మది అందె వేసిన చేయి. ఒక చలికాలం "నాకు చేతకాదు, గోళ్లు విరిగిపోతా ఉండాయి" అని కాయలను మా ముందుకు తోసేసింది. అందరికీ చెమట పట్టే వంటింట్లో తను స్వెట్టర్ వేసుకొని ఉండేది. ఇంత కళ్లెదురుగా ఉన్నా మేము దానికి పెట్టిన పేరు ఒక్కటే: సుస్తు.

ఈ సుస్తు అనే మాట గురించి కొంచెం చెప్పాలి. మాది కోలారు జిల్లా, ముళబాగలు పక్క. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం. మాకు తెలుగు అక్షరాలు అవ్వ దగ్గర క్యాలెండరు చూసి నేర్చుకొన్నవే, తప్పులుంటే సర్దుకోండి. కన్నడంలో సుస్తు అంటే అలసట. ఆంధ్రాలో సుస్తీ అంటే ఒంట్లో బాగలేకపోవడం. మధ్యలో ఉన్న మా ఇంట్లో ఆ మాటకు హద్దే లేదు. జ్వరమొచ్చినా సుస్తు, ఎండలో తిరిగొచ్చినా సుస్తు, పదకొండేళ్లు గ్రంథి పని చేయకపోయినా సుస్తు. ఆస్పత్రిలో అమ్మ తెలుగులో నాలుగు వాక్యాలు చెప్తే, మేము డాక్టరుకు కన్నడంలో ఒక్క ముక్క చెప్పేవాళ్లం: సుస్తు. ఆయన బలానికి టానిక్కు రాసేవాడు. జుట్టు, గోళ్ల సంగతి అమ్మ ఎత్తనే లేదు. సొగసు గురించి డాక్టరుకు చెప్తారా అని ఆమె మొహమాటం. మేము కూడా చెప్పలేదు. ఆ తప్పు డాక్టరుది కాదు, మాది.

ఈ సంగతి ఇక్కడ రాయడానికి కారణముంది. మన కుటుంబాలు ఎప్పుడు ఏ ఊరి నుంచి బయలుదేరినాయి, ఏ గోత్రం, ఏ ఇంటిపేరు అని ఇక్కడ ఎంతో ఓపికగా రాసుకొంటున్నాం. మంచిదే. కానీ మన వంశవృక్షాల్లో ఒంటికి సంబంధించిన సంగతి ఒక్కటీ ఉండదు. అది రాసి తీరాలి అని మా అభిప్రాయం. అందులోనూ థైరాయిడ్ ముందు రాయాలి.

ఎందుకో చెప్తాం. గొంతు ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే ఈ గ్రంథి చేసే హార్మోను ఒంట్లో అన్ని పనుల వేగాన్నీ నడిపిస్తుంది. అది తగ్గితే గుండె నిదానమవుతుంది, మలబద్ధకం వస్తుంది, చలి ఓర్వలేరు, నెలసరి గతి తప్పుతుంది. వెంట్రుకలు, గోళ్లు తయారయ్యే చోట కూడా పని మందగిస్తుంది. పెరిగే వెంట్రుకలు ఎక్కువగా విశ్రాంతి దశలోకి పోయి, కొన్ని నెలలకు రాలిపోతాయి. అందుకే ఒకచోట బట్టతల పడినట్టు కాక తలంతా పలచబడుతుంది. గ్రంథి చాలినంత పని చేయకపోతే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి "ఇంకా చెయ్యి, ఇంకా చెయ్యి" అని టీఎస్‌హెచ్‌ను ఎక్కువగా పంపిస్తుంది. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ పెరిగినట్టు కనబడేది అందుకే.

2013లో అచ్చయిన ఒక సర్వేలో బెంగళూరు, హైదరాబాదు, చెన్నైతో కలిపి ఎనిమిది నగరాల్లో పెద్దవాళ్లను పరీక్షిస్తే దాదాపు 11 శాతం మందికి ఈ లోపం కనబడింది. ఆడవాళ్లలో ఎక్కువ. దీనికి ఒక ముఖ్య కారణం మన ఒంటి రక్షణ వ్యవస్థే పొరబడి మన గ్రంథి మీద దాడి చేయడం. 1912లో దాన్ని వర్ణించిన జపాను డాక్టరు పేరు మీద హషిమోటో జబ్బు అంటారు. అది కుటుంబాల్లో నడుస్తుంది. తల్లికుంటే బిడ్డకు వచ్చి తీరుతుందని కాదు, వచ్చే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు మన వంశవృక్షాలు తీసి చూడండి. తండ్రి, తాత, ముత్తాత. కోడళ్ల పేర్లు కొన్నిచోట్ల ఉంటాయి, వాళ్ల పుట్టింటి వైపు ఉండదు. మా ఇంటి పటంలో అవ్వ పేరే లేదు. ఆమె అమ్మను కన్న అవ్వ, అంటే మా ఇంటిపేరు కాదు. ఆడవాళ్లలో ఎక్కువగా కనబడే జబ్బును వెతకాలంటే ముందు ఆడవాళ్లు పటంలో ఉండాలి కదా.

ఉప్పు సంగతి కూడా ఇక్కడే అనేస్తాం. అమ్మకు జబ్బు తెలిసినాక బంధువుల్లో సగం మంది అయోడిన్ ఎక్కువ తినమన్నారు, మిగిలిన సగం మంది ప్యాకెట్టు ఉప్పు మానేసి ఇందుప్పు వాడమన్నారు. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1956 నుంచి కాంగ్రా లోయలో అయోడిన్ ఉప్పు మీద పని చేసి, గొంతువాపు తగ్గుతుందని చూపించినారు. దేశంలో అయోడిన్ ఉప్పు పథకానికి ఆ పని ఒక పునాది. ఆ ఉప్పును మానేయడం తెలివి కాదు. అలాగని ఒంటి దాడితో పాడైన గ్రంథి ఎక్కువ అయోడిన్ తింటే బాగవదు. పైగా అయోడిన్ మరీ ఎక్కువైతే చెరుపే.

నూనెల విషయంలో మాకు కోపం లేదు. గుంటగలగరాకు, మందారాకు వేసి అవ్వ కాచిన నూనె వాసన ఇప్పటికీ మాకు ఇష్టం. ఎండిపోయిన జుట్టుకు నూనె మెత్తదనం ఇస్తుంది. గొంతులోని గ్రంథికి మాత్రం అందదు. మా ఇంట్లో జరిగిన తప్పు నూనె రాయడం కాదు, నూనె రాసి ఊరుకోవడం. "నువ్వు తలకు సరిగ్గా పెట్టుకోవు, అందుకే రాలతా ఉంది" అని అమ్మనే అనడం ఇంకా పెద్ద తప్పు.

రాలిన ప్రతి జుట్టూ థైరాయిడ్ కాదు, అదీ చెప్పాలి. కాన్పు తర్వాత రాలుతుంది, పెద్ద జ్వరం తర్వాత రాలుతుంది, ఐరన్ తగ్గినా రాలుతుంది. గోళ్ల మీద గీతలు వయసుతోనూ వస్తాయి. అందుకే ఊహించుకోకుండా రక్తపరీక్ష చేయించుకోమనేది. టీఎస్‌హెచ్ ఒక్కటైతే కొన్ని వందల రూపాయల పని. పట్టుచీర జాకెట్టుకు ఇచ్చే కుట్టుకూలి అంతకంటే ఎక్కువే ఉంటుంది.

తర్వాత అక్కకు వచ్చింది. ఈసారి త్వరగానే కనుక్కొన్నాం, కానీ ఇంకో గుంతలో పడినాం. మాత్ర వేసుకొన్న నాలుగు నెలలకు కూడా జుట్టు రాలడం ఆగలేదని అక్క మాత్ర మానేసింది. మాత్రను దువ్వెనతో కొలవకూడదని అప్పుడు మాకు తెలియదు. మాత్ర మోతాదు సరిపోయిందో లేదో చూడడానికే ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి మళ్లీ రక్తం చూస్తారు. ఆ తర్వాత విశ్రాంతి దశలో ఉన్న వెంట్రుకలు రాలి, కొత్తవి మొలిచి, కంటికి కనబడే పొడవు రావాలంటే ఇంకా నెలలు కావాలి. చేతిగోరు నెలకు దాదాపు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, మొదలు నుంచి చివరిదాకా కొత్తగోరు రావడానికి ఆరు నెలలు. అందరికంటే వెనక బాగుపడేవి జుట్టూ గోళ్లే. మాత్ర మానేసిన అక్కకు ముఖం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, కొలెస్ట్రాల్ పెరిగింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టినాం.

మధ్యలో జుట్టు కోసమని తను 10 మిల్లీగ్రాముల బయోటిన్ మాత్రలు తెప్పించుకొంది. పెద్దవాళ్లకు రోజుకు చాలినంత బయోటిన్ అంటే 30 మైక్రోగ్రాములు. ఇది మూడు వందల రెట్లు దాటింది. ఆ నెల రిపోర్టులో టీఎస్‌హెచ్ బాగా తగ్గి కనబడింది. థైరాయిడ్ మాత్ర మోతాదు తగ్గించమని ఒక చోట చెప్పినారు కూడా. ఇంకో డాక్టరమ్మ మాత్రం "జుట్టుకేమైనా తింటున్నావా?" అని అడిగింది. కొన్ని రోజులు ఆపి మళ్లీ చేయిస్తే టీఎస్‌హెచ్ ఎక్కువే ఉంది. కొన్ని ల్యాబు పద్ధతుల్లో రక్తంలోని బయోటిన్ పరీక్షకే అడ్డుపడి అంకెను తారుమారు చేస్తుంది. మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ప్రోగ్రాం ఒక తీరుగా ఉంటే టెస్టు ఇంకో తీరుగా చెప్పడం మాకు రోజూ ఉండేదే. అయినా ఇంట్లో రిపోర్టు చేతికొస్తే అది దేవుడి మాటలాగా నమ్మేసినాం. జుట్టు మాత్రలు వాడేవాళ్లు రక్తం ఇచ్చేముందు ఆ సంగతి చెప్పండి. కనీసం రెండు రోజుల ముందు ఆపమంటారు, మోతాదును బట్టి ఇంకా ముందే ఆపాల్సి రావచ్చు.

ఈ వంశవృక్షం మాట ఇంట్లో ఎత్తితే పెద్దనాన్న ఒప్పుకోలేదు. "రాసి పెట్టుకోండి, రేపు మన పిల్లలను ఎవరు చేసుకొంటారు?" అన్నాడు. ఆయన భయం ఉత్తిది కాదు. మనలాంటి వాళ్లకు సంబంధాలు దొరకడమే కష్టం. ఈ ఊర్లో మన భాష మాట్లాడే నాలుగిళ్లు, హోసూరు పక్క పది ఇళ్లు. ఒక ఇంట్లో చెప్పిన మాట వారంలో అన్ని ఇళ్లకూ పోతుంది.

కానీ దాచిపెట్టినందుకు ఏమైందో కూడా చూసినాం. మా చెల్లెలి వరస పిల్ల ఒకతె మాత్ర సంగతి చెప్పకుండానే పెళ్లయి పోయింది. స్ట్రిప్పు బ్యాగు అడుగున దాచేది. తెల్లవారి లేచి అత్తతో పాటు పాలు కాచి కాఫీ కలిపేది. స్నానాలగదిలో మాత్ర మింగి వచ్చి వెంటనే అదే కాఫీ తాగేది. ఖాళీ కడుపుతో మంచినీళ్లతో వేసుకొని, అరగంట నుంచి గంట దాకా ఆగాల్సిన మాత్ర అది. కాఫీ దాన్ని ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. స్ట్రిప్పు అయిపోయినాక తెమ్మని ఎవరినీ అడగలేకపోయింది. అట్లా రెండు నెలలు. అంతలో కడుపుతో ఉన్నట్టు తెలిసింది. మొదటి వారాల్లో బిడ్డకు కావలసిన ఈ హార్మోను తల్లి నుంచే రావాలి. అసలు కడుపుతో ఉన్నప్పుడు మోతాదు పెంచాల్సి వస్తుంది, ఈ పిల్లకు పెంచడం కాదు, ఉన్నదే లేదు. టీఎస్‌హెచ్ చూసిన డాక్టరమ్మ గట్టిగానే మాట్లాడింది. పాప బాగానే పుట్టింది, ఇప్పుడు అంగన్‌వాడీకి పోతా ఉంది. కానీ ఆ నెలలు ఆ పిల్ల నిద్రపోలేదు. ఐరన్, కాల్షియం మాత్రలను కూడా నాలుగు గంటల ఎడంతో వేసుకోవాలని తెలిసి, అత్తే వంటింట్లో కాగితం మీద వేళలు రాసి అంటించింది. "ముందే చెప్పుంటే కాఫీ కొంచెం ఆలస్యంగా తాగేవాళ్లం, అంతేగా తల్లీ" అందట.

పెద్దనాన్నకు మేము చెప్పింది ఇంతే. ఊరంతా చదివే చోట రాయక్కరలేదు. ఇంటి ప్రతిలో, ఎవరిది వాళ్లు ఒప్పుకొంటేనే, పేరు పక్కన రాద్దాం: థైరాయిడ్ తక్కువా ఎక్కువా, ఏ వయసులో తెలిసింది. పెళ్లి మాటలప్పుడు చెప్పడమా వద్దా అనేది ఆ పిల్ల నిర్ణయం, కానీ మాత్ర దాచుకొని మింగే పరిస్థితి మాత్రం మనం పంపకూడదు. కోడళ్ల పుట్టింటి వైపు కూడా రెండు తరాలు అడిగి రాద్దాం. మగవాళ్లవీ రాద్దాం, వాళ్లకూ వస్తుంది. ఆయన అవును అనలేదు, కాదు అనలేదు. మరుసటి ఆదివారం తన షుగరు ఏ ఏడు మొదలైందో ఫోన్ చేసి చెప్పినాడు.

అమ్మ ఒప్పుకొంది కాబట్టే ఇదంతా రాసినాం. పటంలో ఆమె పేరు పక్కన ఇట్లా ఉంది: "థైరాయిడ్ తక్కువ, 2011లో తెలిసింది, చాలా ముందు నుంచే ఉండొచ్చు." అక్క పేరు పక్కన 2016. అవ్వ పేరు కొత్తగా చేర్చినాం. ఆమెది ఒకే ఫోటో ఉంది, అందులో కనుబొమలు సగం వరకే కనబడతాయి. ఫోటో పాతబడి చెరిగిందో, నిజంగానే లేవో తెలియదు. ఫోటో చూసి జబ్బు రాయకూడదని ఆ పక్కన ఖాళీగా వదిలేసినాం.