అంగ్కోరు మనదా?

కంబోడియా దేశమందలి సియెం రీప్ పట్టణమునకు పోయివచ్చిన మనవారిలో పలువురు చెప్పు మాట యొకటి కలదు: "అక్కడి గుడులన్నియు మన పూర్వులు కట్టినవే." మేమును ఆ పట్టణమున నాలుగు దినములుంటిమి. సహయాత్రికుల నోట ఈ మాటను పూటకొకమారు వింటిమి. వినివిని విసిగి యీ నాలుగు ముక్కలు వ్రాయుచున్నాము.

అంగ్కోరు వాట్ ఆలయమును 12వ శతాబ్దపు పూర్వార్ధమున కట్టించినవాడు ఖ్మేరు రాజగు రెండవ సూర్యవర్మ. అతడు దానిని విష్ణువునకు సమర్పించెను. గోడలమీద కురుక్షేత్రయుద్ధము చెక్కబడియున్నది. దేవతలు, కథలు, సంస్కృతము, వారి లిపికి మూలమైన అక్షరములు, ఇవన్నియు మన దేశమునుండి పోయినవే. అంతమాత్రమున గుడి మనదగునా? నన్నయభట్టు 11వ శతాబ్దమున వ్యాసభారతమును తెనిగించెను. ఉత్తరదేశీయుడొకడు రాజమహేంద్రవరమునకు వచ్చి, "మీ భారతము మీది కాదు, మా పూర్వులదే" యని పలికినచో మన పండితులు ఊరకుందురా? మనకొక న్యాయము, ఖ్మేరులకొక న్యాయమా?

తా ప్రోమ్ ఆలయమున ఏడవ జయవర్మకాలపు శాసనమొకటి దొరకినది, 1186వ సంవత్సరమునాటిది, భాష సంస్కృతము. ఆ యొక్క ఆలయపు సేవకై 3,140 గ్రామములును, 79,365 మంది జనులును ఏర్పరుపబడినట్లు అందులోనే యున్నది. భాషను చూచి మురియువారు ఆ లెక్కను చదువరేమి? ఆ జనులు గోదావరీతీరమునుండి ఓడలెక్కి పోయినవారా? రాజు పేరు సంస్కృతమైనంతనే వాని పొలములలో వరి పండించినవారు మన బంధువులగుదురా?

పట్టణము గుడులకు ఆరు కిలోమీటర్ల దూరముననే యున్నది. సాయంకాలమగునప్పటికి వీధులన్నియు దీపములతోను, టుక్‌టుక్ బండ్లతోను, నానాదేశపు జనులతోను నిండిపోవును. పాతబజారులో ప్రహోక్ అను పులియబెట్టిన చేపముద్దను అమ్ముచుందురు. ఆ వాసనకు మాలో కొందరు ముక్కులు మూసికొనిరి. మన ఇంగువ పరులకెట్లుండునో తలంపరైరి! ఈ సందడి యెంత కష్టముమీద తిరిగి వచ్చినదో వారెరుగరు. 1975లో ఖ్మేర్ రూజ్ వారు పట్టణములను ఖాళీచేయించి జనులను పొలములకు తోలిరి. 1979 వరకు సాగిన ఆ పాలనలో పదునైదు మొదలు ఇరువది లక్షలవరకు ప్రాణములు పోయినవని అంచనా. నేడా బజారులో కూర్చున్న ముసలివారందరు ఆ యేండ్లను దాటి మిగిలినవారే. మనవారు వారితో బేరము తప్ప మరియొక మాట ఆడుట మేము చూడలేదు.

అంతటితో పోలేదు. అంగ్కోరు చుట్టును నివసించుచుండిన సుమారు పదివేల కుటుంబములను రన్ తా ఏక్ మొదలగు చోట్లకు తరలించు పనిని అచ్చటి ప్రభుత్వము 2022లో ముమ్మరము చేసెను. వారు తమంతట తామే పోవుచున్నారని ప్రభుత్వము చెప్పినది. అది బలవంతపు తరలింపేయని 2023లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ సంస్థ ప్రకటించినది. గుడిచెంత అంగడి పెట్టుకొని బ్రదికినవారికి, గుడికి దూరముగా నొక స్థలమిచ్చినంత మాత్రమున జీవనము జరుగునా? శిథిలములు చక్కగా కనబడవలెనని మనుష్యులను కనబడకుండ చేయుట ఏపాటి సంరక్షణము?

కావున అక్కడకు పోవు సోదరసోదరీమణులు "ఈ గుడి మా పూర్వులు కట్టినదే గదా" యని దారి చూపువానిని అడుగుట మానవలెను. అడుగదగిన ప్రశ్న వేరు: అయ్యా, మీ యిల్లు మునుపెక్కడ నుండెను, ఇప్పుడెక్కడ నున్నది?