కనీస వేతనం పెరిగితే చిన్న రైతుకు నష్టమా?

ప్రగతి నగర్‌లో మా బంధువుల అపార్ట్‌మెంట్‌కు కాపలా ఉండే ఆయనది నారాయణపేట వైపు పల్లె. రెండెకరాల వరి ఉంది. నేను వ్యవసాయ శాఖ మనిషినని తెలిసి మొన్న గేటు దగ్గర ఆపాడు. "సార్, నాటు కూలి ఇంకో వంద పెంచమంటున్నరు. సర్కారు కూడా కూలి రేట్లు పెంచుతదంట. ఎవుసం ఎట్ల జెయ్యాలె?" అన్నాడు. అడిగినాయన తానే రోజుకు 12 గంటలు డ్యూటీ చేస్తున్నాడు. మనలో చాలా కుటుంబాలది ఇదే పరిస్థితి. పొలంలో కూలి ఇచ్చేదీ మనమే, హైటెక్ సిటీ చుట్టుపక్కల కూలి తీసుకునేదీ మనమే. రెండు వైపులా లెక్క వేద్దాం.

ఎకరా నాటుకు 12 మంది అనుకోండి. మనిషికి రూ.100 పెరిగితే ఎకరాకు రూ.1,200. రెండెకరాలు, రెండు పంటలకు రూ.4,800. కలుపుకూ అంతే అనుకున్నా ఏడాదికి రూ.9,600. ఎకరాకు 24 క్వింటాళ్లు పండితే నాటు ఒక్కదానికే క్వింటాకు రూ.50 అదనం. 2025-26లో సాధారణ రకం వడ్లకు మద్దతు ధర పెరిగింది రూ.69 మాత్రమే. రైతు భయం ఉత్తదేమీ కాదు.

అదే రూ.100 ఆయన జీతంలో పెరిగితే? నెలకు 26 రోజుల చొప్పున ఏడాదికి రూ.31,200.

అది రావడమే కష్టంగా ఉంది. అయిదేళ్లకోసారైనా వేతనాలు సవరించాలని 1948 చట్టమే చెప్పింది. తెలంగాణలో 2021 జూన్‌లో అయిదు రంగాలకు జీవోలు 21 నుంచి 25 వరకు వచ్చాయి. గెజిట్‌లో అచ్చు కాక అవి అమలుకు నోచుకోలేదు, వ్యవహారం హైకోర్టుకెక్కింది. 2025 నవంబర్ 21 నుంచి కొత్త వేతన కోడ్ అమల్లోకి వచ్చింది. కేంద్రం నిర్ణయించే కనీస స్థాయికి తక్కువగా ఏ రాష్ట్రమూ వేతనం పెట్టకూడదు. ఆ స్థాయి ఎంత ఉండాలన్నదే అసలు పేచీ. 2018 ధరల లెక్కన రోజుకు రూ.375 ఉండాలని 2019లోనే అనూప్ సత్పతి కమిటీ చెప్పింది.

పట్నంలో పనిచేసే మీ పిల్లలకు ఒక మాట చెప్పండి. కనీస వేతనం 8 గంటల పనికి. ఆపైన పనికి రెట్టింపు ఇవ్వాలి. అంటే 12 గంటల డ్యూటీకి రెండు రోజుల కూలి రావాలి. జీతం చీటీ అడిగి తీసుకోవాలి. తక్కువ ఇస్తే కార్మిక శాఖకు ఫిర్యాదు చేయొచ్చు, కొత్త కోడ్‌లో అందుకు మూడేళ్ల గడువుంది.

ఇక మన పొలం సంగతి. వ్యవసాయ కూలీలకూ కనీస వేతనం వర్తిస్తుంది. ఒకే పనికి ఆడవాళ్లకు తక్కువ, మగవాళ్లకు ఎక్కువ ఇవ్వడం 1976 నుంచే చట్టవిరుద్ధం. ఊళ్లలో ఇది ఇంకా నడుస్తోంది, చూసీ చూడనట్టు మేమూ ఊరుకున్నాం.

కూలి పెరిగితే ఆ ఖర్చు ధరలో కనిపించాలి. మన గట్టి డిమాండ్ అక్కడ ఉండాలి, నాటు వేసే మనిషి మీద కాదు. 2025-26 మద్దతు ధరకు కేంద్రం లెక్కగట్టిన వరి సాగు ఖర్చు క్వింటాకు రూ.1,579. ఇంటివాళ్ల శ్రమ కూడా ఇందులోనే ఉంది. మీ ఖర్చు అంతకంటే ఎక్కువైతే చూపించడానికి కాగితం కావాలి. నాటు, కలుపు, కోత కూలి ఏ రోజుకారోజు నోట్‌బుక్‌లో రాసుకోండి, ఇంటివాళ్లు చేసిన రోజులతో సహా.

గేటు దగ్గరి ఆయనకు వచ్చే వానాకాలం ఒక ఎకరంలో డ్రమ్ సీడర్‌తో మొలక విత్తనం వేసి చూడమన్నాను. నాటు కూలి మిగులుతుంది. మడి మాత్రం చదునుగా ఉండాలి, మొదటి నెల కలుపును వదలకూడదు.