రిమ్ము లోపమా.. రోడ్డు నేరమా?

వారంటీ ఉన్నా కొత్త చక్రానికి తప్పని తిప్పలు
కొనుగోలుదారుపైనే నిరూపణ భారం
విజయనగరంలోనే ఫిర్యాదుకు వీలు.. అవగాహనే కరవు

బొబ్బిలి: కొత్త కారు కొని ఏడాది తిరగకముందే చక్రం వణకడం మొదలవుతుంది. వేగం అరవై దాటితే స్టీరింగు చేతిలో నిలవదు. ఉదయం నింపిన గాలి సాయంత్రానికి తగ్గిపోతుంది. పంక్చర్ దుకాణంలో టైరు విప్పి చూస్తే ఎక్కడా మేకు కనిపించదు. తప్పు టైరుది కాదని, రిమ్ములోనే ఏదో ఉందని అక్కడి పనివాడు తేల్చేస్తాడు. వారంటీ పుస్తకం పట్టుకుని షోరూంకు వెళ్లిన యజమానికి తరచూ ఎదురయ్యే సమాధానం ఒక్కటే. ‘గోతిలో పడి ఉంటుంది, దీనికి వారంటీ వర్తించదు’. ఆ ఒక్క మాటతో అసలు వివాదం మొదలవుతుంది.

బొబ్బిలి నుంచి రామభద్రపురం, రాజాం, పార్వతీపురం వైపు నిత్యం తిరిగే వాహనదారులకు గోతులు కొత్త కాదు. గ్రోత్‌సెంటర్‌లోని పరిశ్రమలకు వచ్చిపోయే భారీ లారీలతో రోడ్లపై ఒత్తిడీ ఎక్కువే. కనుక చక్రం చెడిందంటే రోడ్డునే తప్పుపట్టడం తేలిక. అయితే రోడ్డు బాగోలేదన్న కారణంతో తయారీ లోపాన్ని కప్పిపుచ్చడం చట్టం ముందు చెల్లదు. అలాగని గోతిలో పడి వంగిన ప్రతి రిమ్మునూ కంపెనీ మార్చి ఇవ్వాలనడమూ న్యాయం కాదు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నదే ఇక్కడ తేలాల్సిన విషయం.

ఒకే చక్రం.. రెండు వారంటీలు
చక్రం అంటే వాడుకలో టైరు, రిమ్ము కలిపి ఒక్కటే. వారంటీ దృష్టిలో మాత్రం అవి వేర్వేరు. రిమ్ము సాధారణంగా కారు తయారీ కంపెనీ వారంటీ పరిధిలోకి వస్తుంది. టైర్లకు, బ్యాటరీకి వాటిని తయారు చేసిన కంపెనీలే హామీ ఇస్తాయి. టైరులో లోపం ఉందని తేలినా పూర్తి ధర తిరిగి రాదు. అప్పటివరకు అరిగిన మేరకు తగ్గించి, మిగిలిన విలువనే కొత్త టైరు ధరలో సర్దుబాటు చేయడం రివాజు. ఈ తేడా తెలియక కార్ల షోరూంకు, టైర్ల డీలరుకు మధ్య నలిగిపోయేవారు ఎందరో. టైరు పక్కగోడపై ముద్రించిన నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండంకెలు తయారైన వారాన్ని, చివరి రెండంకెలు సంవత్సరాన్ని సూచిస్తాయి. కారు తీసుకునే రోజునే దీన్ని చూసుకుంటే పాత సరుకు అంటగట్టారో లేదో తెలిసిపోతుంది.

లోపం ఇలా బయటపడుతుంది
అల్యూమినియం మిశ్రమంతో పోతపోసిన అలాయ్ రిమ్ముల్లో లోహం గడ్డకట్టేటప్పుడు సూక్ష్మరంధ్రాలు మిగిలిపోయే అవకాశం ఉంది. వాటిగుండా గాలి మెల్లగా జారుతుంది. గాలి నింపిన చక్రాన్ని నీళ్ల తొట్టెలో ముంచితే టైరు అంచు వద్ద కాకుండా రిమ్ము ఒంటిమీదనే బుడగలు లేస్తాయి. చక్రం గుండ్రంగా లేకపోతే బ్యాలెన్సింగ్ బరువులు ఎన్ని అతికించినా వణుకు పోదు. తిరుగుతున్న చక్రానికి డయల్‌గేజ్ ఆనించి కొలిస్తే ఎంత మేర వంకర ఉందో అంకెల్లో తెలుస్తుంది.

గోతి దెబ్బ తీరు వేరు. రిమ్ము అంచు ఒకచోట నొక్కుకుపోతుంది. అక్కడే గీతలు పడతాయి. దానికి ఎదురుగా టైరు పక్కగోడ ఉబ్బడమో, లోపలి దారాలు తెగడమో జరుగుతుంది. ఏ దెబ్బ గుర్తూ లేకుండా వంకర ఉంటే లోపంపై అనుమానం బలపడుతుంది. దెబ్బ గుర్తు ఉన్నచోటనే పగులు ఉంటే కంపెనీ వాదనకు బలం వస్తుంది. కనుక ‘వారంటీ వర్తించదు’ అన్న నోటిమాటను అంగీకరించకుండా, ఏ పరీక్ష చేశారో, ఏ కొలత వచ్చిందో కాగితంపై రాసి ఇమ్మని అడగడం అత్యవసరం.

కారు కాదు.. భాగమే
చక్రం చెడింది కనుక కారే మార్చి ఇవ్వాలని పట్టుబట్టేవారూ ఉన్నారు. మారుతీ ఉద్యోగ్, సుశీల్‌కుమార్ గబ్‌గోత్రా కేసులో సుప్రీంకోర్టు 2006లోనే ఈ విషయంలో స్పష్టత ఇచ్చింది. లోపమున్న భాగాన్ని మార్చి ఇస్తామన్నదే వారంటీ షరతు అయినప్పుడు, ఆ భాగాన్నే మార్చాలి తప్ప వాహనం మొత్తాన్ని కాదని తేల్చింది. రిమ్ముల విషయంలో ఈ తీర్పు వినియోగదారుకు అడ్డంకి కాదు, అండ. అడుగుతున్నది భాగాన్నే కనుక కంపెనీ తప్పించుకునే దారి ఇరుకవుతుంది.

లోపం ఒక్క కారుకే పరిమితం కానప్పుడు కంపెనీలే ముందుకు వచ్చిన సందర్భాలున్నాయి. 2021 జులై 19 నుంచి అక్టోబరు 5 మధ్య తయారైన 19,731 ఈకో వాహనాలను మారుతీ సుజుకీ 2022 ఏప్రిల్‌లో వెనక్కి పిలిచింది. చక్రం రిమ్ముపై కొలత ముద్ర తప్పుగా పడి ఉండవచ్చన్నదే కారణం. అదే ఏడాది జూన్‌లో టయోటా తన విద్యుత్ కారు బీజెడ్4ఎక్స్‌ను చక్రాల బోల్టులు వదులయ్యే ప్రమాదముందంటూ ప్రపంచవ్యాప్తంగా వెనక్కి పిలిచింది. అమెరికాలో 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ సంస్థ 65 లక్షల టైర్లను ఉపసంహరించుకోవాల్సి వచ్చింది. రోడ్లు అద్దంలా ఉండే దేశాల్లోనూ చక్రాలకు తయారీ లోపాలు తప్పలేదనడానికి ఇవే నిదర్శనాలు.

మన దేశంలో 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 110ఎ సెక్షన్ ప్రకారం ప్రమాదకర లోపమున్న వాహనాలను వెనక్కి పిలవాలని కేంద్రం ఆదేశించవచ్చు. దీనికి సంబంధించిన నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఏడేళ్లలోపు వాహనాలకే ఇవి వర్తిస్తాయి. ఒకే లోపంపై నిర్ణీత సంఖ్యలో ఫిర్యాదులు రావాలి. అంటే ఇంట్లో కూర్చుని తిట్టుకునే యజమాని లెక్కలోకి రాడు. ఫిర్యాదు నమోదు చేసినవాడే లెక్కలోకి వస్తాడు.

దూరం తగ్గించిన చట్టం
1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద ప్రతివాది వ్యాపారం చేసేచోటో, వివాదానికి కారణం ఏర్పడినచోటో ఫిర్యాదు చేయాల్సి వచ్చేది. విశాఖలో కారు కొన్న బొబ్బిలివాసి విశాఖ చుట్టూ కాళ్లరిగేలా తిరగాల్సిన పరిస్థితి. 2020 జులై 20న అమల్లోకి వచ్చిన 2019 చట్టం ఈ అవస్థను తప్పించింది. ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే దావా వేయవచ్చని 34వ సెక్షన్ చెబుతోంది. కారు ఎక్కడ కొన్నా బొబ్బిలివాసులు విజయనగరంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. న్యాయవాది తప్పనిసరి కాదు. దరఖాస్తు చేసుకుంటే వీడియో కాన్ఫరెన్స్ ద్వారా విచారణకు హాజరయ్యే వెసులుబాటూ ఉంది.

చెల్లించిన ధర రూ.5 లక్షల వరకు ఉంటే రుసుము లేదు. రూ.5 లక్షలు దాటి రూ.10 లక్షల వరకు రూ.200, అక్కడి నుంచి రూ.20 లక్షల వరకు రూ.400 చెల్లిస్తే చాలు. అద్దెకు కారు తిప్పుకునేవారు తాము వినియోగదారుల కిందకు రామని భావించి వెనకడుగు వేస్తుంటారు. కేవలం స్వయం ఉపాధితో పొట్టపోసుకునేందుకు కొన్నవారికి చట్టం మినహాయింపునిచ్చింది. అయితే అది స్వయం ఉపాధేనని వారు చూపగలగాలి.

చిక్కంతా రుజువులోనే
చట్టం ఇంటి ముంగిటకు వచ్చినా రుజువు మాత్రం దూరంగానే ఉంది. లోపం ఉందని చూపాల్సిన బాధ్యత ప్రధానంగా ఫిర్యాదుదారుదే. పరీక్ష లేకుండా లోపం తేలదనుకుంటే వస్తువును తగిన ప్రయోగశాలకు పంపే అధికారం 38వ సెక్షన్ కింద కమిషన్‌కు ఉంది. దానికయ్యే ఖర్చును ఫిర్యాదుదారు ముందుగా జమ చేయాల్సి రావచ్చు. ప్రతివాదికి నోటీసు అందిన నాటి నుంచి మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో కేసు తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టం నిర్దేశించింది. ఇన్నాళ్లు పాడైన చక్రాన్ని అలాగే భద్రపరచాలి. రోజూ కారు అవసరమైనవారు సొంత డబ్బుతో కొత్త రిమ్ము కొనుక్కుని, పాతదాన్ని తుక్కు కింద అమ్మేస్తారు. ఆ తుక్కుతోపాటే సాక్ష్యమూ పోతుంది. ఒక రిమ్ము ఖరీదుకు, కేసు వెంట తిరిగే శ్రమకు పొంతన కుదరక చాలామంది మధ్యలోనే వదిలేస్తారు. కంపెనీలకు కలిసివచ్చేది సరిగ్గా ఈ నిస్సహాయతే.

యజమానుల పొరపాట్లూ తక్కువేమీ కాదు. సోకు కోసం బయట దుకాణాల్లో పెద్ద రిమ్ములు బిగించుకోవడం, పరిమితికి మించి బరువు ఎక్కించడం, గాలి చూసుకోకుండా తిప్పడం వారంటీకి గండికొట్టే పనులే. ఆ తర్వాత కంపెనీపై నెపం వేసినా కమిషన్ ముందు నిలవదు. రోడ్డు వంక చూపి తప్పించుకునే కంపెనీ, వాడకం తప్పులు దాచే యజమాని.. ఇద్దరికీ జవాబు చెప్పగలిగేవి కొలతలూ కాగితాలే.

ఇవి మరవొద్దు
* వణుకు, గాలి తగ్గడం గమనించిన వెంటనే సర్వీస్ సెంటర్‌లో జాబ్‌కార్డు రాయించాలి. సమస్యను తమ మాటల్లోనే నమోదు చేయించాలి.
* తిరస్కరిస్తే కారణాన్ని రాతపూర్వకంగా తీసుకోవాలి. చక్రాన్ని అన్ని వైపుల నుంచి ఫొటోలు తీయాలి.
* డీలరుతోపాటు తయారీ కంపెనీకీ రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాలి. ఫిర్యాదులో ఇద్దరినీ చేర్చాలి.
* జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి తెలుగులోనే ఫిర్యాదు చెప్పుకోవచ్చు.
* కారణం ఏర్పడిన రెండేళ్లలోపు కమిషన్‌ను ఆశ్రయించాలి. తీర్పుపై 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.
* కేసు తేలేవరకు పాత రిమ్మును అమ్మకూడదు, మరమ్మతు చేయించకూడదు.