నవలలోకి ఎక్కిన దోస్తులు - జవాబు చెప్పుకునే దారి ఏది?

శంషాబాద్ : మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ చౌరస్తా వరకు స్తంభాల మీదుగా సాగే 11.6 కిలోమీటర్ల వంతెనకు పి.వి. నరసింహారావు పేరు పెట్టారు. 2009 అక్టోబరులో దానిని ప్రారంభించారు. విమానాశ్రయానికి పోయే కార్లు దానిమీద దూసుకుపోతాయి. శంషాబాద్ చుట్టుపక్కల పల్లెల నుంచి పట్నం పోయే స్కూటర్లను, ఆటోలను మాత్రం పైకి రానివ్వరు, అవి కిందనుంచే పోవాలి. రోజూ ఆ పేరు చూసేవారిలో ఆయన ముఖ్యమంత్రిగా, ప్రధానిగా పనిచేశారని తెలియనివారు ఉండరు. ఆయన ఒక నవల రాశారనీ, తనతో తిరిగినవారిని అందులో పాత్రలుగా నిలబెట్టారని పాఠకలోకం అనుకున్నదనీ తెలిసినవారు మాత్రం కొద్దిమందే.

ఆ నవల పేరు ‘ది ఇన్‌సైడర్’. ప్రధాని పదవి నుంచి దిగిపోయిన రెండేళ్ళకు, 1998లో ఇంగ్లీషులో వెలువడింది. ఏడు వందలకు పైగా పేజీల పుస్తకం. తెలుగులో ‘లోపలి మనిషి’ పేరుతో కల్లూరి భాస్కరం అనువదించారు. అఫ్రోజాబాద్ అనే రాష్ట్రం, అందులో ఆనంద్ అనే పల్లెటూరి కుర్రవాడు. చదువులో మొనగాడు. శాసనసభ్యుడై, మంత్రియై, ముఖ్యమంత్రియై, భూసంస్కరణల దగ్గర దెబ్బతిని పదవి పోగొట్టుకుంటాడు. ఈ అఫ్రోజాబాద్ ఎక్కడున్నదో మన జిల్లాలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. ఆనంద్ ఎవరో అంతకన్నా చెప్పనక్కరలేదు.

తంటా అంతా మిగిలిన పాత్రలతోనే. ఈ నవలలో నెహ్రూకు నెహ్రూ అనే పేరు, ఇందిరాగాంధీకి ఇందిరాగాంధీ అనే పేరు. ఢిల్లీ పెద్దలు సొంత పేర్లతోనే దర్శనమిస్తారు. మారుపేర్లు తొడిగింది మన రాష్ట్రపు నాయకులకే. ఒకే మంత్రివర్గంలో కూర్చున్నవారు, ఒకే కారులో తిరిగినవారు, ఒకే విస్తట్లో తిన్నంత చనువు ఉన్నవారు వేరే పేర్లతో వచ్చి కుట్రలు పన్నుతారు, ముఠాలు కడతారు, ఎమ్మెల్యేలను లెక్క పెట్టుకుంటారు. పెద్దవారికి మర్యాద, పక్కనున్నవారికి ముసుగు. ఇదేమి న్యాయమని అడిగితే తప్పు పట్టవలసిన పని లేదు.

పుస్తకం వెలువడగానే ఏ పాత్ర ఎవరన్న వేట మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో పి.వి.కి ముందు ముఖ్యమంత్రులుగా చేసినవారు ముగ్గురే. నీలం సంజీవరెడ్డి, దామోదరం సంజీవయ్య, కాసు బ్రహ్మానందరెడ్డి. నవలలోని ముఖ్యమంత్రుల ముఖాలకు ఈ ముగ్గురి పోలికలను అతికించి చూడడం సహజమే. కాని సంజీవయ్య 1972లోనే కన్నుమూశారు. బ్రహ్మానందరెడ్డి 1994లో, సంజీవరెడ్డి 1996లో పోయారు. పుస్తకం వచ్చింది 1998లో. ‘అది నేను కాదు’ అనడానికి గాని, ‘నేనే, కాని జరిగింది అట్లా కాదు’ అనడానికి గాని ఒక్కరూ మిగలలేదు. పంచాయితీలో ఎదుటి పక్షం లేకుండా చెప్పిన సాక్ష్యాన్ని మన పల్లె పెద్దలు ఎంతవరకు నమ్ముతారో తెలిసిందే.

అంతకంటె విచారించదగింది అరుణ అనే పాత్ర సంగతి. ఆమె ఆనంద్‌తోపాటు శాసనసభలో ఉంటుంది, అతనికి దగ్గరవుతుంది. రచయిత ఆమెకు తెలివినీ తెగువనూ ఇచ్చారు, అందులో లోపం చేయలేదు. కాని చదివినవారు, చదవనివారు కూడా ఆ పాత్రకు ఒక అసలు పేరు తగిలించి, హోటళ్ళలో చాయ్ తాగుతూ చెప్పుకున్నారు. ఆధారం అడిగితే ‘పుస్తకంలో ఉన్నదిగా’ అన్నారు. పుస్తకంలో ఉన్నది అరుణ ఒక్కతే. మగ పాత్రకు పోలిక అంటగడితే రాజకీయం అంటారు, ఆడ పాత్రకు అంటగడితే అది అపవాదు అవుతుంది. ఈ తేడా రచయితకు తెలియనిది కాదు. పదిహేడు భాషలు తెలిసిన పండితుడని పేరున్న మనిషికి, ఊరి నోరు ఎట్లాంటిదో తెలియకుండా ఉంటుందా?

మరి మారుపేర్లు లేకుండా ఈ కథ చెప్పగలిగేవారా అన్న ప్రశ్న కూడా ఉన్నది. అది కొట్టిపారవేయవలసిన ప్రశ్న కాదు. సొంత పేర్లతో రాసినవారు లేకపోలేదు. రాష్ట్రపతిగా చేసిన సంజీవరెడ్డి తన జ్ఞాపకాలను 1989లో ఇంగ్లీషులో ప్రచురించారు. అటువంటి పుస్తకంలో ప్రతి మాటకూ రచయిత పూచీపడాలి. అందుకే చాలామంది పెద్దలు జ్ఞాపకాలలో సన్మానాల జాబితా, శంకుస్థాపనల జాబితా ఇచ్చి ఊరుకుంటారు. అర్ధరాత్రి ఏ గదిలో ఏ బేరం కుదిరిందో రాయరు. నవలలో అది రాయవచ్చు. ముఠా రాజకీయం లోపలినుంచి ఎట్లా నడుస్తుందో తెలుసుకోదలచినవారికి ఏ చరిత్ర పుస్తకంకన్నా ఈ నవలే ఎక్కువ చెబుతుంది. నిజం చెప్పడానికే ముసుగు కావలసివచ్చిందంటే ఒప్పుకోవచ్చు. కాని ముసుగులన్నీ ఎదుటివారికి వేసి, ఆనంద్‌ను మాత్రం ఎప్పుడూ అమాయకుడుగా, ఆదర్శవాదిగా, చేతికి మట్టి అంటనివాడుగా నిలబెట్టడం దగ్గర పాఠకుడు ఆగిపోతాడు. ఆ రాజకీయంలో అన్నేళ్ళు నెగ్గుకొచ్చినవాడు అంత అమాయకుడా?

పి.వి.కి ఈ వ్యవహారం కొత్త కాదు. విశ్వనాథ సత్యనారాయణ 1934లో రాసిన ‘వేయిపడగలు’ను ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి మార్చింది ఆయనే. అందులోని ధర్మారావులో విశ్వనాథ తనను తానే చూపించుకున్నారని పాఠకులు ఏనాటినుంచో చెప్పుకుంటున్నారు. స్నేహితుణ్ణి పుస్తకంలోకి తెచ్చే వేరే పద్ధతులు కూడా తెలంగాణలో ఉన్నాయి. నిజామాబాదు జైలులో తనతో ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామికి దాశరథి కృష్ణమాచార్య తన ‘అగ్నిధార’ను అంకితమిచ్చారు. దోస్తు అసలు పేరు మొదటి పేజీలోనే కనిపిస్తుంది, వెతుకులాట లేదు. పి.వి. కూడా యౌవనంలో పాములపర్తి సదాశివరావుతో కలిసి వరంగల్‌లో ‘కాకతీయ పత్రిక’ నడిపారు. జయ-విజయ అని ఇద్దరూ కలం పేర్లు పెట్టుకున్నారు. అప్పుడు మారుపేరు పెట్టుకున్నది తమకే, ఎదుటివారికి కాదు.

ఆ రోజులలోనే, 1949లో, ‘గొల్ల రామవ్వ’ కథ వచ్చింది. నిజాం పోలీసులు తరుముతున్న ఒక యువకుణ్ణి తన గుడిసెలో దాచిపెట్టిన ముసలమ్మ కథ. కొద్ది పేజీలే. రామవ్వ ఎవరని ఎవరూ వేటాడలేదు. తెలంగాణ పల్లెలలో ఆనాడు అట్లాంటి అవ్వలు ఎందరో ఉండిరి. ఏ అవ్వ వారసులు వచ్చి చదివినా నొచ్చుకోరు సరికదా, మా అవ్వే అంటారు. ఏడు వందల పేజీల పుస్తకంకన్నా ఈ చిన్న కథ మనవారికి దగ్గరిదంటే అతిశయోక్తి కాదు.

పాత్రల వేటలో పడి పాఠకులు పోగొట్టుకున్నది భూమి సంగతి. ఆనంద్‌ను పదవి నుంచి తోసినది భూమే. అసలు కథలోనూ అంతే. 1971 సెప్టెంబరులో పి.వి. ముఖ్యమంత్రి అయ్యారు. 1972లో భూపరిమితి బిల్లును శాసనసభలో నెగ్గించారు, వంగరలోని తన భూమిని వదులుకున్నారు. అదే ఏడు అక్టోబరులో ముల్కీ నిబంధనలపై సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, కోస్తాలో ఆందోళన లేచింది, 1973 జనవరిలో ఆయన పదవి పోయింది. ముల్కీ ఒక్కటే కారణమా, భూమి కూడా కారణమా అన్నది ఈనాటికీ తెగని వాదం. నవల మాత్రం భూమి వైపే వేలు చూపుతుంది. సభలో చట్టానికి చేయెత్తి, ఇంటికి పోయి భూమిని కొడుకుల పేర, పాలేర్ల పేర రాయించే పెద్దలు ఎట్లా ఉంటారో, పహాణీ చదవడం వచ్చిన ప్రతి రైతుకూ ఎరుకే. ఆ పేజీలు చదివి ‘వీడు ఫలానా మంత్రి’ అని చెప్పుకున్నవారే గాని, ‘మా ఊరి ఫలానా సర్వే నంబరు ఇట్లాగే పోయింది’ అనుకున్నవారు ఎందరు?

శంషాబాద్ ప్రాంతంలో భూమి మాట తేలికగా తీసేయదగింది కాదు. 2008 మార్చిలో మొదలైన విమానాశ్రయానికి సుమారు 5,500 ఎకరాలు పోయాయి. భూసేకరణ నోటిఫికేషనులో మారుపేర్లు ఉండవు. రైతు పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, ఎకరాలు గుంటలతో సహా అచ్చులో వస్తాయి. వారిలో ఎవరూ ఇంకా ఏ నవలలోకీ ఎక్కలేదు.

మన గ్రంథాలయాలలో ‘లోపలి మనిషి’ని, ‘గొల్ల రామవ్వ’ కథను పక్కపక్కన ఉంచవలసి ఉన్నది. నవల చేతికి తీసుకున్నవారు ఎవరు ఎవరన్న లెక్క కాస్సేపు పక్కన పెట్టి, ముందుగా భూసంస్కరణల భాగం తెరవడం మంచిది. ఆరాంఘర్ దగ్గర వంతెన దిగి శంషాబాద్ వైపు వచ్చే రోడ్డుకు రెండు పక్కలా ప్లాట్ల బోర్డులు కనబడుతూనే ఉన్నాయి.