రాజు కోసం చేసే ప్రార్థన ఏ రోజున ఆగింది?



ప్రతి జూలై నెలలో మన సంఘం వాట్సాప్ గ్రూపులోకి ఒక మెసేజ్ వస్తుంది. అమెరికాలో ఉన్న మన పిల్లలెవరో పంపుతారు, ఇక్కడివారు పదిమందికి ఫార్వర్డ్ చేస్తారు. అమెరికా ప్రార్థన మీద పుట్టిన దేశమని, భక్తులు మోకాళ్ళూని రాజును ఎదిరించారని అందులో ఉంటుంది. వెంటనే పెద్దలలో ఒకరు దాని కింద రోమా పత్రిక 13వ అధ్యాయం పెడతారు. అధికారులకు లోబడమని వాక్యం చెబుతుంటే ఎదిరించడం భక్తి ఎలా అవుతుందని అడుగుతారు. రెండు రోజులు వాదన నడుస్తుంది, తరువాత ఎవరి పని వారిది. ఇన్నాళ్ళూ మేము ఏమీ అనలేదు. ఈసారి చెప్పక తప్పదనిపించింది. ఆ రెండు పక్షాలూ ఆ చరిత్రను సగమే చెబుతున్నాయి.

మొదట గమనించండి, అక్కడి వలసల ప్రజలు విడిపోవాలని మొదలుపెట్టలేదు. 1763లో ఫ్రాన్సుతో యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ అప్పు దాదాపు రెట్టింపయ్యింది. అందులో కొంత భారం అమెరికావారు మోయాలని పార్లమెంటు 1765లో స్టాంపు చట్టం చేసింది. దస్తావేజుల మీద, పత్రికల మీద, చివరికి పేకముక్కల మీద కూడా పన్ను. మా మనిషి ఒక్కడైనా లేని సభ మా జేబులో చెయ్యి ఎలా పెడుతుందన్నది వారి ప్రశ్న. ఆ అక్టోబరులో తొమ్మిది వలసల ప్రతినిధులు న్యూయార్కులో కూడి తీర్మానాలు రాసుకున్నారు. అందులో మొట్టమొదట రాసినది రాజుకు తమ విధేయత! మరుసటి ఏడాది ఆ చట్టం రద్దయింది. ఆ కృతజ్ఞతతో న్యూయార్కువారు మూడవ జార్జి రాజుకు గుర్రం మీద కూర్చున్న విగ్రహం చేయించి 1770లో నిలబెట్టారు. ఆ విగ్రహాన్ని గుర్తు పెట్టుకోండి.

1767లో మళ్ళీ సుంకాలు వచ్చాయి. గాజు, సీసం, రంగులు, కాగితం, తేయాకు. జనం బ్రిటిషు సరుకు కొనడం మానేశారు. న్యూ ఇంగ్లండు ఊళ్ళలో స్త్రీలు రాట్నాలు తెచ్చుకుని పగలంతా నూలు వడికేవారు. ఎక్కడో తెలుసా? చాలా చోట్ల తమ పాస్టరుగారి ఇంట్లోనే. వడికిన నూలు ఆయనకే కానుకగా ఇచ్చి వెళ్ళేవారు. (రాట్నం అనగానే మనకు గుర్తొచ్చే ఉద్యమం ఇంకా నూట యాభై ఏళ్ళ దూరంలో ఉంది.)

1773లో తేయాకు గొడవ అందరికీ తెలిసినదే. ఆ తేయాకు మన మచిలీపట్నంలో కోఠీ పెట్టుకుని వ్యాపారం చేసిన ఈస్టిండియా కంపెనీదే. దివాలా అంచున ఉన్న కంపెనీని నిలబెట్టడానికి ఆ సరుకును అమెరికాలో చవకగా అమ్మించబోయారు. పన్ను మాత్రం అలాగే ఉంచారు. డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో 342 పెట్టెలు నీళ్ళపాలయ్యాయి. పార్లమెంటు ఆ రేవునే మూసివేసింది.

రేవు మూసే రోజు 1774 జూన్ 1. ఆ రోజును ఉపవాస ప్రార్థన దినంగా వర్జీనియా శాసనసభ ప్రకటించింది. గవర్నరుకు కోపం వచ్చి సభనే రద్దు చేశాడు. వాట్సాప్ మెసేజ్‌లో ఈ సంగతి ఉంటుంది. అందులో లేనిది ఒకటుంది. ఆ తీర్మానం తయారు చేసినవారిలో థామస్ జెఫర్సన్ ఒకరు. జనంలో కదలిక తేవడానికి పాత ప్యూరిటన్ల కాలపు ఉదాహరణలు వెదికి ఆ ఉపవాసాన్ని తామే ఏర్పాటు చేశామని ఆయన తన జీవితకథలో దాపరికం లేకుండా రాసుకున్నాడు. ఉపవాసం ఉన్న సామాన్యులు నిజంగానే దేవుని సన్నిధిలో ఏడ్చి ఉంటారు, దానిని మేము తక్కువ చేయము. కాని ఉపవాసాన్ని పనిముట్టుగా వాడినవారూ ఆ గుంపులో ఉన్నారు. మోకాళ్ళు ఒక్కటే చూసి హృదయాలను లెక్క కట్టకూడదు.

ఇక మాకు నిద్ర పట్టనివ్వని మనిషి దగ్గరికి వస్తాము. ఫిలడెల్ఫియాలో క్రైస్ట్ చర్చి పాదిరి జేకబ్ డూషే. 1774 సెప్టెంబరులో కాంగ్రెసు మొదటిసారి కూడినప్పుడు ప్రార్థన చేసినవాడు ఈయనే. 35వ కీర్తన చదివి ఆయన చేసిన ప్రార్థనకు సభ కదిలిపోయిందని అంటారు. అయితే ఆయన ఆంగ్లికన్. అభిషేకం పొందినప్పుడు రాజుకు విధేయుడనని ప్రమాణం చేశాడు. ప్రతి ఆదివారం చదివే ప్రార్థన పుస్తకంలో రాజు కోసం ప్రార్థన అచ్చయి ఉంది. అంటే పదేళ్ళపాటు ఆ జనం బయట రాజు ప్రభుత్వాన్ని నిరసిస్తూ, లోపల అదే రాజు క్షేమం కోసం ఆమెన్ అంటూ వచ్చారు. అది వేషధారణ అని మేము అనుకోము. తండ్రి మీద అలిగిన కొడుకు మనసు అది.

1775 ఏప్రిల్‌లో లెక్సింగ్టన్ దగ్గర తుపాకులు పేలాయి, రక్తం చిందింది. అప్పటికీ జూలైలో కాంగ్రెసు రాజుకు మరో అర్జీ పంపింది. ఎంతో వినయంగా, రాజీ కోరుతూ. అదే కాంగ్రెసు అప్పటికే వాషింగ్టన్‌ను సేనాధిపతిగా పెట్టుకుంది, అది కూడా నిజమే. రాజు ఆ అర్జీని స్వీకరించనే లేదు. ఆగస్టు 23న వారిని తిరుగుబాటుదారులుగా ప్రకటించాడు. మా అభిప్రాయంలో నిరసన స్వాతంత్ర్యంగా మారింది ఇక్కడే. తేయాకు దగ్గర కాదు. కలెక్టరాఫీసు వరండాలో అర్జీ పట్టుకుని నిలబడినవారికి ఇది వివరించనక్కరలేదు. కాదంటే మళ్ళీ అడగవచ్చు. కాగితం ముట్టుకోనే ముట్టుకోకపోతే మనసు విరుగుతుంది.

1776 జనవరిలో థామస్ పెయిన్ పుస్తకం ఆ విరిగిన మనసుకు మాటలిచ్చింది. రాజులే వద్దనడానికి ఆయన ఇశ్రాయేలీయులు సమూయేలును రాజును అడిగిన సందర్భాన్ని చూపించాడు. అదే పెయిన్ తరువాతి కాలంలో బైబిలు మీదనే పుస్తకం రాశాడు. వాక్యం ఎత్తి చూపిన ప్రతివాడూ వాక్యాన్ని నమ్మినవాడు కాడు.

జూలై 4న ప్రకటన ఆమోదం పొందిన రోజే క్రైస్ట్ చర్చి పెద్దలు కూడి రాజు కోసం చేసే ప్రార్థనను ఆరాధనలోనుండి తీసివేయాలని తీర్మానించారు. డూషే తన పుస్తకంలో ఆ మాటలు కొట్టివేశాడు. అయిదు రోజుల తరువాత న్యూయార్కులో ఆ విగ్రహాన్ని పడగొట్టారు, దాని సీసం తుపాకీ గుండ్లయింది. మరుసటి ఏడాది బ్రిటిషు సైన్యం ఫిలడెల్ఫియాను పట్టుకుని డూషేను నిర్బంధించి వదిలింది. అక్టోబరులో ఆయన వాషింగ్టన్‌కు ఉత్తరం రాశాడు, ఆ ప్రకటనను వెనక్కి తీసుకొనేలా చేయమని. ఇంగ్లండు వెళ్ళిపోయాడు. 1792 వరకు తిరిగి రాలేదు.

పిరికివాడు అనడం సులువు. ఆ గీత గీసిన కలం మన చేతిలో ఉంటే ఏమి చేసేవారమో మేము చెప్పలేము.

రోమా 13 సంగతి కూడా అంతే. 1750లోనే బోస్టన్‌లో జోనాథన్ మేహ్యూ ఆ అధ్యాయం మీద ప్రసంగించి, మేలు చేయవలసిన అధికారి కీడు చేస్తే అతనికి లోబడనక్కరలేదన్నాడు. మేరీలాండులో జోనాథన్ బౌచర్ లోబడవలసిందే అన్నాడు. జనం బెదిరింపులకు భయపడి నిండు పిస్తోళ్ళు పక్కన పెట్టుకుని ప్రసంగించానని ఆయనే రాసుకున్నాడు. ఇద్దరూ బైబిలు చదివినవారే. కాబట్టి ఆ అధ్యాయాన్ని ఎదుటివాని నోరు మూయించే రాయిలా విసరవద్దని మన పెద్దలను బ్రతిమాలుకుంటున్నాము.

యౌవనస్థులకు ఒక మాట. 1777 జనవరిలో, స్వాతంత్ర్యం ప్రకటించి ఏడాదైనా కాకముందే, ప్రిన్స్ హాల్, మరి కొందరు నల్లజాతివారు మసాచుసెట్స్ చట్టసభకు అర్జీ పెట్టారు. మీరు బ్రిటన్‌తో చెప్పిన న్యాయమే మా బానిసత్వం విషయంలో ఇంకా గట్టిగా వర్తిస్తుందని, ఇంతకుముందు పెట్టిన అర్జీలకూ ఫలితం రాలేదని వారి మొర. రాజు తమ అర్జీ చూడలేదని దేశమే వేరు చేసుకున్నవారు ఈ అర్జీని పక్కన పెట్టారు. అక్కడ బానిసత్వానికి ఆధారం లేకుండా చేసినది 1783 నాటి కోర్టు తీర్పు, చట్టసభ కాదు.

వచ్చే జూలైలో ఆ మెసేజ్ మళ్ళీ వస్తుంది. పంపేవారు డూషే సంగతి, ప్రిన్స్ హాల్ సంగతి కూడా దాని కింద రాసి పంపండి.