పలక మీద మిగిలిన పేరు

మా మేనల్లుడికి జావాస్క్రిప్ట్ వచ్చు. నాకు రాదు. కాని క్రిందటి నెలలో వాడి జావాస్క్రిప్ట్ మూలంగా మా పక్కింటి మామ్మగారికి రెండు రోజులపాటు చక్కెర జబ్బు మాత్రలు అందలేదు. అందుచేత సంగతేమిటో నేనూ తెలుసుకోక తప్పింది కాదు.

మా వీధి చివర మందుల షాపువుంది. నెలనెలా అక్కడ మందులు తెప్పించుకునేవారు పన్నెండుమంది. మావాడు ఆ షాపుకోసం ఒక పేజీ తయారుచేశాడు. తెరమీద పన్నెండు పేర్లు. ప్రతి పేరు పక్కనా ‘పంపు’ అని ఒక బటన్. అది నొక్కగానే ఆ పేరుతో సర్వరుకు రిక్వెస్టు వెళుతుంది. కుర్రాడు పొట్లం కట్టుకుని ఆ యింటికి బయలుదేరుతాడు.

తీరా చూస్తే, ఏ బటన్ నొక్కినా రిక్వెస్టు ఒక్క పేరుతోనే వెళ్ళింది. అది జాబితాలో ఆఖరున వున్న హెడ్మాస్టరుగారి పేరు. సాయంత్రానికి ఆయన అరుగుమీద అయిదు పొట్లాలు చేరాయి. అయిదింటిలోనూ ఆయన రక్తపోటు మాత్రలే! “నాకింత జబ్బున్నదని డాక్టరు చెప్పలేదే!” అని ఆయన కంగారు పడ్డారట. మామ్మగారు మాత్రం వీధివైపు చూస్తూ కూర్చున్నారు.

“బటన్ బటన్‌కూ వేరే ఫంక్షన్ యిచ్చాను మావయ్యా! లూపు కూడా సరిగ్గా పన్నెండుసార్లే తిరిగింది” అని మావాడు తల పట్టుకున్నాడు. తప్పు దొరికేసరికి రెండోరోజు అర్ధరాత్రి దాటింది. వాడు చెప్పగా నాకు అర్థమైనది యిది.

ఫంక్షన్ అంటే చెప్పిన పని చేసిపెట్టే కుర్రాడనుకోండి. జావాస్క్రిప్ట్‌లో ఆ కుర్రాడు పుట్టింటిని మరిచిపోడు. తాను తయారైనచోట వున్న వేరియబుళ్ళను, అక్కడి పని ముగిసిన తరువాత కూడా చూడగలడు. దీన్నే క్లోజర్ అంటారు. మాట పాతదే. పీటర్ లాండిన్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు 1964లోనే దాన్ని వాడాడు. బ్రెండన్ ఐక్ జావాస్క్రిప్ట్‌ను తయారుచేసింది 1995లో.

అయితే ఆ కుర్రాడు గుర్తుపెట్టుకునేది పేరును కాదు, పేరు రాసిన పలకను. చిక్కంతా యిక్కడే వున్నది.

మావాడు పాత పుస్తకం చూసి, ‘వార్’ అనే మాటతో వేరియబుల్ పెట్టాడు. అలా పెడితే లూపు ఎన్నిసార్లు తిరిగినా పలక ఒక్కటే. పన్నెండుమంది కుర్రాళ్ళకూ, “గంట మోగినప్పుడు యీ పలక చూసి, ఆ యింటికి వెళ్ళు” అని చెప్పాడన్నమాట. ఒక్కొక్కడికీ చెబుతూ, పాతపేరు చెరిపి కొత్తపేరు రాస్తూ పోయాడు. గంట మోగేది, అనగా క్లిక్ జరిగేది, ఆ రాతలన్నీ అయిపోయాక. అప్పటికి పలకమీద మిగిలింది హెడ్మాస్టరుగారు!

2015లో వచ్చిన ప్రమాణంలో ‘లెట్’ అనే మాట చేరింది. లూపు లోపల దానితో పెడితే ప్రతి చుట్టుకూ కొత్త పలక. మావాడు ఇంగ్లీషులో మూడక్షరాలు చెరిపి మూడక్షరాలు రాశాడు. అంతే, తప్పు దిద్దుకున్నది.

కథ కంచికి వెళ్ళిందనుకున్నాం. మర్నాడు మామ్మగారింటికి మూడు పొట్లాలు వచ్చాయి.

రిక్వెస్టుకు జవాబు రావడానికి కొంచెం వ్యవధి పడుతుంది. ఈలోగా తెరమీద ఏ చలనమూ లేకపోయేసరికి, బటన్ పనిచేయలేదనుకుని షాపాయన మూడుసార్లు నొక్కాడు. మూడు క్లిక్కులు, మూడు రిక్వెస్టులు, మూడు పొట్లాలు.

మావాడు మళ్ళీ కూర్చున్నాడు. నొక్కగానే బటన్ మూతపడి, ‘వెళుతోంది’ అని కనిపించాలి. జవాబు వచ్చినా, దారిలో తెగినా అది మళ్ళీ తెరుచుకోవాలి. యిందులో యింకొక మెలిక వున్నది. రిక్వెస్టు పంపే ‘ఫెచ్’ దృష్టిలో, సర్వరు “కుదరదు” అన్నా అది జవాబే; పని జరిగిందో లేదో మనమే విడిగా చూసుకోవాలి. సర్వరు పని చేసినా జవాబు దారిలో పోవచ్చు. అప్పుడు మళ్ళీ నొక్కితే రెండో పొట్లం బయలుదేరుతుంది. అందుకని ప్రతి ఆర్డరుకూ ఒక నంబరు యిచ్చి, అదే నంబరు మళ్ళీ వస్తే లెక్కలోకి తీసుకోవద్దని సర్వరుకు కూడా చెప్పాడు.

ఆ సాయంత్రం ఎక్కువైన పొట్లాలు వెనక్కి తెచ్చేందుకు, క్షమాపణ చెప్పుకునేందుకు వాడు మామ్మగారి దగ్గరకు వెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను.

“మొన్న నా పేరే మరిచిపోయావుటరా అబ్బాయీ?” అన్నారావిడ.

“లేదు మామ్మగారూ! అందరికీ కలిపి ఒకే పలక పెట్టాను. మీ పేరు చెరిగిపోయింది.”

“అయితే ఎవరి పలక వారికి యివ్వాలి గాని, అదేం పొదుపు నాయనా!”

క్లోజర్ సంగతి నాకంటే ఆవిడకే త్వరగా బోధపడింది.